డీ నదిలో తొలి వసంతపు సాల్మన్ వేట: నా అనుభవం

స్కాట్లాండ్‌లోని డీ నదిలో సాల్మన్ వేట ఫిబ్రవరి 1న మొదలవుతుంది. అప్పటికి అబర్దీన్ నుంచి బ్యాంకరీ వెళ్లే దారి పక్కన ఇంకా మంచు కుప్పలుంటాయి. ఒక్క పూటలోనే ఎండ, వడగళ్లు, మళ్లీ ఎండ. ఇలాంటి రోజుల్లో ఇక్కడ గాలం వెయ్యడం మెల్లమెల్లగా పట్టుబడింది. అబర్దీన్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు అనుమతి సంగతి. ఇంగ్లండ్‌లోలా ఇక్కడ ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. కానీ సాల్మన్ పట్టే హక్కు ప్రైవేటు ఆస్తి. నదిని ‘బీట్’లుగా విడగొట్టారు. ఏ బీట్‌లో దిగాలన్నా ఆ హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, రోజుకింతని డబ్బు కట్టాలి. ఆదివారం సాల్మన్ జోలికి పోకూడదని చట్టమే ఉంది. కాబట్టి ఉద్యోగస్తులకు మిగిలేది శనివారం, లేదంటే సెలవు పెట్టడం.

డబ్బు ముందే కట్టేస్తాం కనుక అందరూ వాతావరణ సూచన చూస్తూ కూర్చుంటారు. నా మటుకు చూడాల్సింది ఆకాశాన్ని కాదు, నీటిని. వానా గాలీ ఇబ్బంది పెట్టేది మనల్ని. చేపను ఆపేది కొండమీద కరిగే మంచు. డీ పుట్టేది కేర్న్‌గార్మ్ కొండల్లో, బ్రేరియాక్ మీద సుమారు 1,220 మీటర్ల ఎత్తున. మధ్యాహ్నం ఎండ కాస్తే మన ప్రాణానికి హాయే. కానీ పైన మంచు కరిగి, ఆ నీరు దిగేసరికి నది పెరుగుతుంది, చల్లబడుతుంది.

నేను గోదావరి జిల్లావాణ్ణి. ఎర్రనీరు తగిలితే చాలు, ధవళేశ్వరం దగ్గర పులస కోసం జనం ఎదురుచూడటం చూస్తూ పెరిగాను. కొత్తనీరు వస్తే చేప వస్తుందన్నది మన లెక్క. ఇక్కడ మంచునీరు వచ్చిందంటే సాల్మన్ ముడుచుకుపోతుంది. అందుకే బయల్దేరేముందు సెపా అనే ఇక్కడి పర్యావరణ సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టే నీటిమట్టాలు చూస్తాను. ఒడ్డుకు చేరగానే థర్మామీటర్ నీళ్లలో ముంచుతాను. 5 డిగ్రీల లోపుంటే చేప నెమ్మదిగా పారే లోతు మడుగుల్లోనే ఉంటుంది. అప్పుడు మునిగే లైను, పెద్ద ఎర, వీలైనంత నిదానం. నీరు 9 డిగ్రీలు దాటాక తేలే లైను, చిన్న ఎర. తేలే లైనుతో పట్టే పద్ధతికి పేరు తెచ్చిన ఆర్థర్ వుడ్ వేటాడింది ఈ నదిలోనే, బ్యాంకరీ దగ్గర కేర్న్‌టన్‌లో.

వెనక చెట్లుంటాయి కాబట్టి లైను వెనక్కి విసరలేం. రెండు చేతులా పట్టుకునే పొడవాటి రాడ్‌తో నీటిమీదే చుట్టతిప్పి అవతలి ఒడ్డు వైపు వెయ్యాలి. ఎర అడ్డంగా ఈదుకుంటూ వచ్చాక దిగువకు ఒక అడుగు, మళ్లీ వెయ్యడం. గడ్డకట్టే చలిలో రాడ్ రింగుల్లో నీటిబొట్లు గాజుపూసల్లా బిగుసుకుని లైను కదలదు. రాడ్ కొసను కాసేపు నదిలో ముంచితే కరుగుతాయి. వేళ్లతో చిదిమితే రింగు వంగుతుంది.

నదిలోకొచ్చాక సాల్మన్ మేత మెయ్యదు. అయినా ఎరను అందుకుంటుంది. మార్చిలో ఒక శనివారం, వడగళ్లు ఆగీ ఆగగానే, లైను బరువెక్కింది. రాడ్ ఎత్తబోతుంటే బీట్ చూసుకునే గిల్లీ పక్కనుంచి, “ఆగండి, దాన్నే తిరగనివ్వండి,” అన్నాడు. రీలు దానంతటది తిరగడం మొదలయ్యాకే రాడ్ ఎత్తాను. నీళ్లలో ఉంచే వలలోకి తీసుకుని చూశాం. గుడ్లు పెట్టి సముద్రానికి తిరిగిపోయే చేపను ఇక్కడ కెల్ట్ అంటారు. దాని పొట్ట లోపలికి పోయి, రెక్కల అంచులు అరిగి ఉంటాయి. ఇది అది కాదు. వీపు వెడల్పుగా, ఒళ్లంతా వెండిలా ఉంది, తోక దగ్గర సముద్రపు పేలు ఇంకా అంటుకునే ఉన్నాయి. మంచినీళ్లలో ఆ పేలు కొద్దిరోజులే బతుకుతాయి, అంటే సముద్రం దాటొచ్చి ఎన్నాళ్లో కాలేదు.

గాలం కొసన వెనక్కి తిరిగి ఉండే ముల్లును ముందే నొక్కేశాను కాబట్టి అది తేలిగ్గా ఊడొచ్చింది. చేప తలను ఎదురునీటి వైపు పెట్టి, తోక మొదలు పట్టుకుని ఉన్నాను. బలం పుంజుకుని తనే విదిలించుకుంది. ఏప్రిల్ 1 లోపు పట్టిన సాల్మన్‌ను వదిలెయ్యాలన్నది స్కాట్లాండ్ అంతటా చట్టం. డీలో అయితే సీజన్ అంతా వదిలెయ్యడమే పద్ధతి.

ఫోన్‌లో చెబితే నాన్న, “అంత చలిలో నిలబడి పట్టి, వదిలేశావుట్రా?” అన్నారు. బ్రిటన్‌లోని అట్లాంటిక్ సాల్మన్‌ను 2023 డిసెంబరులో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చిందని చెప్పాను. “మన పులస మాత్రం మునుపటిలా దొరుకుతోందా నాన్నా?” అన్నాను. “ఎక్కడిదిరా,” అన్నారు. ఈ నదిలో నేను ఇంకా దిగగలుగుతున్నది పట్టినవాళ్లు వదులుతున్నందుకే అని నాకు గట్టి నమ్మకం.

వెళ్లాలనుకునేవాళ్లు గిల్లీ ఉన్న బీట్‌నే అడగండి. ఎక్కడ అడుగు వెయ్యాలో, ఎక్కడ లోతో అతనికి తెలుస్తుంది. లైఫ్‌జాకెట్, చేతికర్ర లేకుండా నీళ్లలో దిగొద్దు. ఏప్రిల్, మే నెలల కంటే ఫిబ్రవరిలో రుసుము తక్కువ.