రిజెక్ట్ డబ్బా నిండిన రోజు

పొద్దున షిఫ్ట్‌కి వెళ్లేసరికి రిజిస్టర్‌లో రాత్రివాళ్లు ఒకే ఒక్క ముక్క రాసిపెట్టారు: "కెమెరా మెషిన్ మంచి మూతల్ని కూడా పారేస్తోంది." రిజెక్ట్ డబ్బా అంచుదాకా నిండిపోయింది. ఇది ప్లాస్టిక్ మూతల లైన్. అంచు సరిగా రాకపోయినా, లోపల నల్లచుక్క పడినా, ప్లాస్టిక్ పూర్తిగా నిండక ఓ పక్క కొరికినట్టు వచ్చినా కెమెరా పట్టుకోవాలి, గాలి నాజిల్ దాన్ని బయటికి ఊదేయాలి. డబ్బాలోంచి గుప్పెడు మూతలు తీసి లైటు కింద తిప్పి తిప్పి చూశాను. చాలావాటికి నిజంగానే ఏ లోపమూ లేదు.

ఆపరేటర్ కుర్రాడు పక్కనే నిలబడ్డాడు, లైన్ ఆగితే తనను అడుగుతారని వాడి టెన్షన్ వాడిది. "సార్, సెన్సిటివిటీ కాస్త తగ్గిస్తే సరిపోతుంది కదా?" అన్నాడు.

"కాసేపు ఆగు తమ్ముడూ, అది ఏం చూసి పారేస్తోందో ముందు మనమూ చూద్దాం" అన్నాను.

సెన్సిటివిటీ తగ్గిస్తే రిజెక్టులు తగ్గుతాయి, అందులో అనుమానం లేదు. కానీ వాటితోపాటు నిజంగా పాడైన మూతలు కూడా దాటిపోతాయి, ఆ సంగతి మనకు తెలిసేది కొన్నవాళ్లు కారుతున్న సీసా పట్టుకుని వచ్చినప్పుడే. రిజెక్టులు పెరగ్గానే సెట్టింగ్ మీద చెయ్యి వేయడం నాకు అస్సలు నచ్చదు. నిన్నటిదాకా అదే సెట్టింగ్‌తో బాగా నడిచిన మెషిన్ రాత్రికి రాత్రి తేడా చేసిందంటే మారింది సెట్టింగ్ కాదు, దాని చుట్టూ ఉన్నది ఏదో మారింది, దాన్ని వెతకాలి.

మెషిన్ దాచిపెట్టిన రిజెక్ట్ ఫోటోలు తెరిచాం. ఒకదాని తర్వాత ఒకటి చూస్తుంటే కుర్రాడే ముందు పట్టేశాడు: ప్రతి ఫోటోలోనూ పైన కుడివైపు, అదే చోట, నెలవంక ఆకారంలో బూడిదరంగు మరక. మూత మారుతోంది కానీ మరక జరగడం లేదు. రూఢి చేసుకోవడానికి ఒక మూతను కెమెరా కింద పెట్టి ఫోటో తీశాం, దాన్నే సగం తిప్పి మళ్లీ తీశాం. మరక మూతతోపాటు తిరిగితే లోపం మూతలో ఉన్నట్టు, మూత తిరిగినా మరక అక్కడే ఉంటే లోపం అద్దం మీదో లెన్స్ మీదో లైటులోనో ఉన్నట్టు. మాది అక్కడే ఉండిపోయింది. ఇంత చిన్న పరీక్షకు నిమిషం కూడా పట్టదు, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ నేను మొదట నేర్పేది ఇదే.

కవరు తీసి చూస్తే కెమెరా ముందుండే రక్షణ అద్దం మీద సన్నటి జిడ్డు పొర. వేలితో తాకకుండా టార్చి ఏటవాలుగా వేసి చూస్తేనే కనిపించింది, దాని మీద ఒక చుక్క ఎండిపోయి నెలవంకలా మిగిలింది. లెన్స్ తుడిచే మెత్తటి కాగితం మీద రెండు చుక్కలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి మధ్య నుంచి అంచుకు తుడిచాను. చేతికి దొరికిన పాత గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, థిన్నర్ పోస్తే ప్లాస్టిక్ కవర్లు మసకబారి ఇక బాగుపడవు, ఈ రెండూ చూసి బాధపడిన రోజులున్నాయి కాబట్టి ఆ కాగితం, ఆ సీసా మెషిన్ పక్కనే ఒక డబ్బాలో పెట్టించాను.

జిడ్డు అక్కడికి ఎలా వచ్చింది? కెమెరాకి కాస్త ముందు మూతల మీది దుమ్ము పోవడానికి ఒక గాలి గొట్టం ఊదుతూ ఉంటుంది. ఆ గాలి లైన్ వెంట వెనక్కి వెళ్తే ఫిల్టర్ గిన్నెలో పాలలా తెల్లగా నీళ్లూ నూనె కలిసి నిండిపోయి ఉన్నాయి. గాలిని నొక్కి పట్టి చల్లార్చితే అందులోని తేమ నీరవుతుంది, కంప్రెసర్ నూనె కొంత దానితో కలుస్తుంది, గిన్నె నిండాక ఇక ఆపేది ఏముంటుంది, అంతా ముందుకే పోతుంది. గిన్నె ఖాళీ చేసి లోపలి ఫిల్టర్ మార్చాం.

ఇక్కడితో అయిపోలేదు. అద్దం శుభ్రమయ్యాక ఫోటో మరీ తెల్లగా, పైగా అంచులు సాగినట్టు వచ్చాయి. చూస్తే రాత్రి ఎవరో ఫోటో చీకటిగా వస్తోందని ఎక్స్‌పోజర్ టైమ్, అంటే ఒక్కో ఫోటోకి కెమెరా వెలుగు తీసుకునే సమయం, పెంచారు. మా దాంట్లో లైటు ఎప్పుడూ వెలిగే రకం, ఫ్లాష్ కొట్టే రకం కాదు, కాబట్టి ఎక్స్‌పోజర్ పెరిగితే మూత కదలిక మొత్తం ఫోటోలోకి వచ్చేస్తుంది. కుర్రాడికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. బెల్టు సెకనుకు 1 మీటరు పోతుంటే 1 మిల్లీసెకను ఎక్స్‌పోజర్‌లో మూత 1 మిల్లీమీటరు జరుగుతుంది. 100 మైక్రోసెకన్లయితే 0.1 మిల్లీమీటరే. మనం వెతికే లోపమే అర మిల్లీమీటరు ఉన్నప్పుడు 1 మిల్లీమీటరు అలుకుడులో అది ఎక్కడ కనిపిస్తుంది? బ్యాకప్‌లో ఉన్న పాత విలువ మళ్లీ పెట్టాం.

తర్వాత మాస్టర్ ముక్కలు నడిపాం. ఇవి లోపాలున్నాయని ముందే తెలిసిన మూతలు, ఒక్కో లోపానికీ ఒక్కోటి, మీద మార్కు వేసి తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. వాటితోపాటు మంచివని తెలిసినవీ కొన్ని. చెడ్డవన్నీ పడాలి, మంచివన్నీ పోవాలి, అప్పటిదాకా లైన్ ఇవ్వను. చెడ్డవన్నీ కెమెరా పట్టుకుంది, కానీ ఒకచోట నాజిల్ పాడైన మూతను వదిలేసి దాని వెనక ఉన్న మంచిదాన్ని ఊదేసింది! ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే స్క్రీన్ మీద లెక్క సరిగ్గానే కనిపిస్తుంది, చెడ్డది మాత్రం డబ్బాలో పడకుండా ముందుకు పోతుంది.

ఇలాంటప్పుడు చూడాల్సినవి రెండు. బెల్టు ఎంత జరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్ చక్రం జారుతోందా, నాజిల్ వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటోందా. బెల్టు మీద గీత పెట్టి, కొలిచిన దూరం నడిపి చక్రం పంపే పల్సుల లెక్క చూస్తే సరిపోయింది, చక్రం జారడం లేదు. ఇక మిగిలింది వాల్వు, దానికి వచ్చే గాలి ప్రెషర్ చూపించే గేజ్ దగ్గర నిలబడ్డాను. పక్క లైన్ స్టార్ట్ అయిన ప్రతిసారీ ముల్లు కిందికి పడుతోంది. ప్రెషర్ తగ్గితే వాల్వు బద్ధకిస్తుంది, ఆ కాస్త ఆలస్యంలో మూత దాటిపోతుంది. కెమెరా చూశాక ఎంతసేపటికి నాజిల్ ఊదాలో చెప్పే డిలే సెట్టింగ్ మార్చి సర్దేయొచ్చు, కానీ ప్రెషర్ బాగున్నప్పుడు అదే సెట్టింగ్ ముందున్న మంచి మూతను కొడుతుంది. మెయింటెనెన్స్ వాళ్లను పిలిచి ఈ లైన్‌కి విడిగా చిన్న గాలి ట్యాంకు, ప్రెషర్ నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పెట్టించాం. మాస్టర్ ముక్కలు మళ్లీ నడిపాం, అన్నీ సరిగ్గా పడ్డాయి, లైన్ ఇచ్చేశాను.

మధ్యాహ్నం ప్యాకింగ్ హాల్లో మెటల్ డిటెక్టర్ ఊరికే మోగుతోందన్నారు. ఫ్రేమ్ బోల్టు ఒకటి వదులై కదిలినప్పుడల్లా లోహానికి లోహం తగిలి విడిపోతోంది, బిగించాక ఆగింది. ఇనుము, ఇనుము కానిది, స్టెయిన్‌లెస్ స్టీల్ టెస్ట్ ముక్కలు మూడూ నడిపి చూశాం. స్టెయిన్‌లెస్ పట్టడమే అన్నిటికన్నా కష్టం కాబట్టి దాన్ని డిటెక్టర్ పట్టు తక్కువగా ఉండే బెల్టు మధ్యలోనూ పెట్టి చూడాలి.

సాయంత్రం క్వాలిటీ మేడమ్ ఒక అల్యూమినియం అచ్చు ప్లేటు తెచ్చారు. సీఎంఎం అంటే మీకు తెలుసుగా, ముల్లు తాకించి మైక్రాన్లలో కొలిచే మెషిన్, అది నిన్న ఒక కొలత ఇచ్చింది, ఈరోజు ఇంకోటి ఇస్తోంది. "మెషిన్ క్యాలిబ్రేషన్ పోయిందేమోనండీ" అన్నారు. ప్లేటు పట్టుకుంటే చేతికి వెచ్చగా తగిలింది, కోసే మెషిన్ మీంచి నేరుగా తెచ్చారు. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గరే లెక్క. అల్యూమినియం మీటరుకు, డిగ్రీకి సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది. ప్లేటు 400 మిల్లీమీటర్లు, 28 డిగ్రీలుంటే దాదాపు 0.07 మిల్లీమీటరు తేడా అక్కడే వచ్చేస్తుంది. సైజు ముందే కచ్చితంగా తెలిసిన రిఫరెన్స్ గోళాన్ని తాకించి చూస్తే మెషిన్ బాగానే ఉంది, ప్లేటును గదిలోనే వదిలేశాం, రేపు పొద్దున కొలుస్తారు.

వచ్చేముందు ఆ సీఎంఎం గాలి ఫిల్టర్ కూడా విప్పి చూశాను. అది గాలి పొర మీద తేలుతూ జరిగే మెషిన్, అందులోకి నూనె పోతే బేరింగులు పట్టేస్తాయి, అప్పుడు చిన్న ఖర్చుతో పోదు. అదృష్టం బాగుంది, గిన్నె అడుగున తడి మాత్రమే ఉంది. కానీ రెండుచోట్లకీ వచ్చేది ఒకే కంప్రెసర్ గాలి, అంటే ఆ గాలిలోని తేమ తీసే డ్రైయర్ పని చేయడం లేదు. రిజిస్టర్‌లో జరిగిందంతా వివరంగా రాసి, రాత్రివాళ్లకు ఎక్స్‌పోజర్ ముట్టుకోవద్దని, గంటకోసారి ఫిల్టర్ గిన్నె చూడమని చెప్పి, డ్రైయర్ రిపేరుకి జాబ్ కార్డ్ రాసి మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జ్‌తో సంతకం పెట్టించుకుని బయటికొచ్చాను.