తప్పెటగుళ్లు మూడు గళ్లలో: స్ప్లిట్ స్క్రీన్ వీడియోతో నా అనుభవం

ఉత్తరాంధ్ర జానపద ఆట తప్పెటగుళ్లు చూసేవాళ్లకి ఎప్పుడూ ఒకటే ఇబ్బంది. ఛాతీకి కట్టుకున్న తప్పెట మీద చేతులు ఎలా పడుతున్నాయో చూస్తుంటే కాళ్ల పని కంటికి అందదు, గజ్జెల అడుగు చూస్తుంటే చేతులు తప్పిపోతాయి. ఈ ఆటలో అసలు గమ్మత్తంతా ఆ రెండూ ఒకే తాళంలో కలవడంలోనే ఉంది. భీమిలి బీచ్‌లో ఒక బృందం ఆటను మూడు ఫోన్లతో తీసి, ఒకే తెర మీద మూడు గళ్లుగా నేను కూర్చింది అందుకే. పైన అడ్డంగా మొత్తం బృందం, కింద ఎడమవైపు చేతులు, కుడివైపు కాళ్లు. ఎడిటింగ్ అంతా డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే. తెరని గళ్లుగా కోయడం పది నిమిషాల పని. మిగతా శ్రమంతా ఆ మూడు గళ్లలోనూ నడుస్తున్నది ఒకే క్షణం అని కంటిని నమ్మించడానికి పడ్డదే.

షూటింగ్ దగ్గరే సగం తేలిపోతుంది. మనది తూర్పు తీరం కాబట్టి పొద్దున సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు. అప్పుడు సముద్రాన్ని వెనక పెట్టి తీస్తే మనుషులు నల్లటి నీడల్లా వస్తారు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ కొండల వైపు నుంచి ముఖాల మీద పడుతుంది, సముద్రమూ నీలంగా కనిపిస్తుంది. మేము తీసింది ఆ వేళలోనే. పెద్ద ఫ్రేమ్ ఫోన్ బృందానికి దాదాపు 24 మీటర్ల దూరంలో, మిగతా రెండూ రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టాం. కాళ్ల ఫోన్‌ని చిన్న ట్రైపాడ్ మీద మోకాలి కంటే కిందకి దించాం. ఇసుక ఎగురుతుంది కాబట్టి ఛార్జింగ్ రంధ్రానికి టేప్ వేశాం.

మూడు ఫోన్లలోనూ సెట్టింగులు ఒకటే ఉండాలి: 1080, సెకనుకు 30 ఫ్రేములు, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చూసే అమరిక) 5500 కెల్విన్. కొన్ని ఫోన్ల కెమెరా యాప్‌లో వైట్ బ్యాలెన్స్ మార్చే వీలుండదు. అలాంటప్పుడు ఆ సౌకర్యం ఉన్న వేరే యాప్ వేసుకోవడమే మేలు, తర్వాత రంగులు సరిచేయడంలో పోయే సమయం దీనికి ఎన్నో రెట్లు. ఫ్లైట్ మోడ్ తప్పనిసరి, ఫోన్ వస్తే చాలా మోడళ్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. ఇక బీచ్‌లో అరగంట నిలబడితే లెన్స్ మీద ఉప్పు పొర పడుతుంది. ఫోన్ స్క్రీన్ మీద అది తెలియదు. మూడు గళ్లు పక్కపక్కన పెట్టినప్పుడు ఒకటి మాత్రం పాలు కలిపినట్టు వెలిసిపోయి కనిపిస్తుంది. ప్రతి టేక్ ముందూ మెత్తటి నూలు గుడ్డతో తుడవండి.

టేక్ మొదట్లో మూడు ఫోన్లకీ కనిపించేలా, వినిపించేలా ఒకరి చేత తప్పెట మీద ఒక్క గట్టి దెబ్బ కొట్టించాలి. చివర్లో ఇంకొకటి. ఈ రెండో దెబ్బ ఎందుకో కిందకొచ్చాక తెలుస్తుంది.

ఫోన్ ఫైళ్లను నేరుగా టైమ్‌లైన్‌లో పడేయకూడదు. ఫోన్ 30 ఫ్రేములు అని చెప్పినా నిజానికి తీసేది ఒకసారి 29, ఒకసారి 30, వెలుగు తగ్గితే ఇంకా తక్కువ. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఒక్క క్లిప్ వాడితే పెద్దగా తెలియదు, మూడు పక్కపక్కన పెడితే మాత్రం కాసేపటికే ఒక్కో గడి ఒక్కో దారి పడుతుంది. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ ఎదురుగా వేరియబుల్ అని ఉందో లేదో తెలిసిపోతుంది. ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్‌లో వేసి, ఫ్రేమ్ రేట్ 30, కాన్‌స్టంట్ అని ఎంచుకుని, నాణ్యత ఆర్‌ఎఫ్ 16 లేదా 17 దగ్గర (అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది) పెట్టి మార్చుకోవాలి. ఫైల్ కాస్త బరువెక్కుతుంది, పరవాలేదు.

రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ తెరవగానే చేయాల్సిన మొదటి పని ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ 30 అని పెట్టడం. క్లిప్పులు వేసేశాక అది మారదు, కొత్తగా మొదలుపెట్టాల్సిందే.

ఇక గళ్ల లెక్క. తెర 1920 బై 1080. గళ్ల మధ్య గీత 12 పిక్సెళ్లు పెట్టాను. ఆరు కంటే తగ్గితే ఫోన్ తెర మీద గీత కనపడదు, రెండు బొమ్మలు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయినట్టుంటుంది. అందరూ అలవాటుగా చేసే సగం-సగం విభజన ఇక్కడ పనికిరాదు. 1920ని నిలువునా రెండు చేస్తే ఒక్కో గడి దాదాపు చతురస్రం అయిపోతుంది, వరసగా నిలబడ్డ పదిమందిలో అటు ముగ్గురు, ఇటు ముగ్గురు కోతలో పోతారు. బృందానికి కావలసింది వెడల్పు. కాబట్టి పై గడి ఎత్తు 648, గీత 12, కింది గళ్ల ఎత్తు 420, మొత్తం 1080. కింది గళ్ల వెడల్పు ఒక్కోటి 954.

అట్టడుగు ట్రాక్‌లో జనరేటర్స్ నుంచి సాలిడ్ కలర్ వేసి ముదురు బూడిద రంగు ఇచ్చాను, గీతలుగా కనిపించేది అదే. దానిపై మూడు ట్రాకుల్లో మూడు క్లిప్పులు. పై గడి క్లిప్‌కి జూమ్ 1 అలాగే ఉంచి, ఇన్‌స్పెక్టర్‌లో (క్లిప్ అమరికలు ఉండే ప్యానెల్) క్రాప్ టాప్ 216, క్రాప్ బాటమ్ 216, పొజిషన్ వై 216. ఆకాశం ఎక్కువైపోయి పైనుంచి మరింత కోయాలనిపిస్తే క్రాప్ టాప్ 300, బాటమ్ 132 పెట్టి, వై కూడా 300 చేయాలి. జూమ్ 1 ఉన్నంతసేపూ సూత్రం తేలిక: పైనుంచి ఎంత కోశామో బొమ్మని అంత పైకి జరపాలి, రెండు కోతల మొత్తం సరిగ్గా 432 ఉండాలి.

కింది రెంటికీ జూమ్ 0.497, క్రాప్ టాప్ 118, బాటమ్ 118, పొజిషన్ వై మైనస్ 330. ఎక్స్ ఎడమదానికి మైనస్ 483, కుడిదానికి 483. ఎడమ క్లిప్‌కి అన్నీ సరిపెట్టాక దాన్ని కాపీ చేసి, కుడి క్లిప్ మీద ఆల్ట్, వి నొక్కి పేస్ట్ ఆట్రిబ్యూట్స్‌లో జూమ్, పొజిషన్, క్రాప్ టిక్ పెడితే మైనస్ గుర్తొక్కటి తీసేయడమే మిగులుతుంది. రిజాల్వ్ బదులు ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి అంకెలు వేరు. అక్కడ పొజిషన్‌ని ఎడమ పై మూల నుంచి కొలుస్తారు, వై పెరిగితే బొమ్మ కిందకి పోతుంది. కుడి గడి అక్కడ 1443, 870 అవుతుంది, స్కేల్ 49.7, క్రాప్ శాతాల్లో 10.9. ఫోన్లో కైన్‌మాస్టర్ లాంటివాటిలో లేయర్లతో ఇదే చేయొచ్చు గానీ, వేలితో జరుపుతూ గీతలు సమానంగా తేవడం విసుగు.

సముద్రం వెనక ఉంది కాబట్టి ఇంకో చిక్కు. క్షితిజ రేఖ ఒక డిగ్రీ వంగినా మామూలు వీడియోలో ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ దాని కిందే వంకరలేని అడ్డ బూడిద గీత ఉంటుంది, వంకర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రొటేషన్ యాంగిల్‌తో సరిచేయొచ్చు, కానీ ఒక డిగ్రీ తిప్పితే మూలలు ఖాళీ అవుతాయి. ఫ్రేమ్ మొత్తం నిండాలంటే జూమ్ 1.03 దాటించాలి, అప్పుడు పైన చెప్పిన అంకెలన్నీ మళ్లీ లెక్కగట్టాలి. ట్రైపాడ్ దగ్గరే ఫోన్లోని గ్రిడ్ గీతకి సముద్రం గీత కలిపితే ఈ బాధే ఉండదు.

సింక్, అంటే మూడు గళ్ల సమయాన్ని కలపడం దగ్గరే అసలు పని. మూడు క్లిప్పులూ ఎంచుకుని రైట్ క్లిక్ చేసి, ఆటో అలైన్ క్లిప్స్, బేస్డ్ ఆన్ వేవ్‌ఫారమ్ ఇస్తే శబ్దాన్ని బట్టి అదే కలిపేస్తుంది. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. రఫ్ కట్ (తొలి కూర్పు) చూసిన బృందం పెద్దాయన మాత్రం రెండో నిమిషంలోనే అడిగారు: "పైనోళ్లు ముందుగా కొట్టేత్తన్నారేటి బాబూ?" ఆయన కన్ను కరెక్టే. శబ్దం సెకనుకి దాదాపు 345 మీటర్లే పోతుంది. 30 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేమ్ కాలంలో పదకొండున్నర మీటర్లు. 24 మీటర్ల దూరంలో ఉన్న ఫోన్‌కి దెబ్బ కనిపించాక రెండు ఫ్రేముల తర్వాత గానీ వినిపించదు. సాఫ్ట్‌వేర్ కలిపేది వినిపించిన క్షణాల్ని. అలా కలపడానికి దూరపు క్లిప్‌ని రెండు ఫ్రేములు ముందుకి లాగేస్తుంది, దాంతో పై గడిలో చెయ్యి ముందే పడిపోతుంది. మందు కూడా అంతే చిన్నది: దూరపు క్లిప్‌ని ఎంచుకుని ఫుల్‌స్టాప్ కీ రెండుసార్లు నొక్కితే రెండు ఫ్రేములు కుడికి జరుగుతుంది. ఎడమకి జరపాలంటే కామా. తర్వాత మొదటి దెబ్బ దగ్గర ఫ్రేమ్ ఫ్రేమ్‌గా కదిపి, పై గడిలోనూ చేతుల గడిలోనూ అరచెయ్యి తప్పెటకి తగిలేది ఒకే ఫ్రేమ్‌లో ఉందో లేదో చూడాలి. ఫోన్లు పదీ పన్నెండు మీటర్ల లోపే ఉంటే తేడా ఒక ఫ్రేమ్ దాటదు. ఇంత వేగంగా దెబ్బలు పడే ఆటలో ఆ ఒక్క ఫ్రేమ్ కూడా సరిచేస్తేనే హాయిగా ఉంటుంది.

ఇప్పుడు చివరి దెబ్బ దగ్గరికి పోవాలి. మొదట్లో కలిసినవి అక్కడా కలిస్తే సరే. లేకపోతే ఫోన్ల లోపలి గడియారాలు ఒకదానితో ఒకటి సరిగ్గా నడవలేదన్నమాట, నిడివి పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. చాలామంది క్లిప్ వేగం 100.01 లాగా మార్చి సర్దుతారు, దాంతో అక్కడక్కడా ఒక ఫ్రేమ్ ఎగిరిపోయి ఆట కుదిపినట్టుంటుంది. నాకు నచ్చిన పద్ధతి వేరే: గతి మారేటప్పుడు బృందం ఒక్క క్షణం నిలుస్తుంది. అక్కడ కోసి, కోసిన తర్వాతి ముక్కని ఒక ఫ్రేమ్ జరిపితే ఎవరికీ తెలియదు.

శబ్దం ఒక్కచోటు నుంచే రావాలి. మూడు ఫోన్ల శబ్దమూ కలిపితే దెబ్బ దెబ్బకీ తోక వస్తుంది, డబ్బాలో వాయించినట్టుంటుంది. తప్పెట మోత దగ్గరగా చాలా గట్టిది, ఫోన్ తనంతట తానే శబ్దం తగ్గించేసి పాట దగ్గర మళ్లీ పెంచుతుంది. ఆ ఊగిసలాట తర్వాత పోదు. అందుకని విడిగా ఒక చిన్న రికార్డర్‌ని నాలుగు మీటర్ల దూరంలో పెట్టి, ఆటోమేటిక్ లెవెల్ ఆపేసి, గట్టి దెబ్బ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా సెట్ చేశాం. గాలికి స్పాంజి తొడుగు ఉన్నా సముద్రపు హోరు కొంత వస్తుంది, 100 హెర్ట్జ్ కింద కోసేస్తే కొంతవరకు తగ్గుతుంది. ఫోన్ల శబ్దాలు సింక్ అయ్యేదాకా వాడుకుని తర్వాత మ్యూట్ చేయండి, తీసేయకండి. మళ్లీ సరిచూసుకోవడానికి కావాలి.

రంగుల సంగతి. మామూలు ఎడిటింగ్‌లో ఒక షాట్ తర్వాత ఇంకొకటి వస్తుంది, మధ్యలో కన్ను సర్దుకుంటుంది. గళ్లలో ఆ అవకాశం లేదు. ఒకే ఇసుక పైన పసుపుగా, కింద గులాబీగా కనిపిస్తే రెండు వేర్వేరు ఊళ్లలో తీసినట్టుంటుంది. కలర్ పేజీలో పెరేడ్ స్కోప్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చూపే గ్రాఫ్) మొత్తం తెరని కలిపి చూపిస్తుంది కాబట్టి, ఎడిట్ పేజీలో మిగతా క్లిప్పుల్ని డి కీతో ఆపి ఒక్కోదాన్నే చూడాలి. మూడింటిలోనూ కనిపించే వస్తువు ఒకటి పట్టుకోండి, మాకు అది తడి ఇసుక. చర్మం రంగు పెట్టుకుంటే ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉండి తికమక అవుతుంది.

మూడు గళ్లూ మొదటి నుంచి చివరిదాకా ఉంచడం తప్పని నా అభిప్రాయం. కన్ను ఒకచోటే నిలుస్తుంది, మిగతా రెండూ గోలగా మారతాయి. పాట నెమ్మదిగా నడిచేటప్పుడు ఒక్క ఫ్రేమే నిండుగా చూపించి, గతి రెట్టింపయ్యే చోట గళ్లు తెరిచాను. అది కూడా సరిగ్గా దెబ్బ మీద. పై గడి 1080 ఎత్తు నుంచి 648కి 10 ఫ్రేముల్లో ముడుచుకునేలా క్రాప్‌కీ, పొజిషన్‌కీ కీఫ్రేములు (అంకె ఎక్కడ మొదలై ఎక్కడికి మారాలో చెప్పే గుర్తులు) వేసి, కింది రెండూ ఆ పదో ఫ్రేమ్‌లో వెలిగేలా పెట్టాను. ఒక మనిషి మనకి ఎదురుగా తిరిగి ఉంటే ఆ మనిషి చేతుల గడి కూడా ఎదురుగానే ఉండాలి. వెనక నుంచి తీసింది పక్కన పెడితే కుడి ఎడమ తారుమారై, నేర్చుకునే పిల్లలకి పనికిరాకుండా పోతుంది.

మూడు వీడియోలు ఒకేసారి ఆడాలంటే మామూలు లాప్‌టాప్ తడబడుతుంది. ప్లేబ్యాక్ మెనూలో టైమ్‌లైన్ ప్రాక్సీ రిజల్యూషన్ (కొత్త వెర్షన్లలో టైమ్‌లైన్ ప్లేబ్యాక్ రిజల్యూషన్) హాఫ్ అని పెడితే చాలావరకు సాఫీగా నడుస్తుంది, అవుట్‌పుట్ నాణ్యత తగ్గదు.

రెండర్ ఎంపీ4, హెచ్.264, బిట్ రేట్ 20,000 కిలోబిట్లు, అంటే సెకనుకు 20 మెగాబిట్లు. యూట్యూబ్ 1080, 30 ఫ్రేములకి 8 మెగాబిట్లు చాలంటుంది గానీ, అది మళ్లీ కుదిస్తుంది. ఇసుక, నురగ, గజ్జెలు అన్నీ ఒకే తెర మీద కదులుతుంటే తక్కువ బిట్ రేట్‌లో ముద్దముద్దగా వస్తుంది. ఫోన్ నిలువుగా పట్టుకుని చూసేవాళ్ల కోసం విడిగా 1080 బై 1920లో ఒకటి చేశాను. అందులో గళ్లు రెండే, చేతులు పైన, కాళ్లు కింద, ఒక్కోటి ఎత్తు 954. యూట్యూబ్ షార్ట్స్‌లో టైటిల్, బటన్లు కింది భాగాన్ని కప్పేస్తాయి కాబట్టి కాళ్లని ఆ గడిలో కాస్త పైకే ఉంచాలి. బృందం వాళ్లకి వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. వీడియోగా పంపితే గట్టిగా కుదించేస్తుంది, కింది గళ్లలో వేళ్ల కదలిక అలుక్కుపోతుంది.