పాపిడి తెల్లబడినప్పుడల్లా జుట్టంతటికీ రంగు ఎందుకు?

ఐదేళ్ల క్రితం సెలూన్‌లో మొదటిసారి రంగు వేయించుకుని, మళ్ళీ ఎప్పుడు రావాలని అడిగితే, "నెలకోసారి రండి మేడమ్" అన్నారు. ఆ మాట పట్టుకుని ఏడాదిపాటు ప్రతి నెలా తల మొత్తానికీ వేయించుకున్నాను. పాపిడి దగ్గర జుట్టు నిగనిగలాడుతూనే ఉండేది గానీ, జడ చివర మాత్రం కొబ్బరి పీచులా గరుకెక్కి, దువ్వెన దిగక, చిక్కు తీస్తుంటే ముక్కలుగా తెగి చేతికి వచ్చేది.

ఆ తర్వాత మరో సెలూన్‌లో రంగు వేసే అమ్మాయి దువ్వెన కాడతో నా పాపిడి విడదీసి, చెంపల పక్కన వేలి గోరంత వెడల్పున్న తెల్లని గీతను అద్దంలో చూపించి, "కొత్తగా పెరిగింది ఇంతే కదక్కా, ఇంతవరకే వేస్తాను" అన్నది. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. శాశ్వత రంగులోని అమ్మోనియా వెంట్రుక పైపొరను తెరవగా, హైడ్రోజన్ పెరాక్సైడ్ వల్ల రంగు లోపలే తయారై నిలిచిపోతుంది కాబట్టి, తలస్నానాలకు కాస్త వెలిసినా పూర్తిగా పోదు. అప్పటికే రంగు పట్టిన పొడవుకు అదే మందు మళ్ళీ మళ్ళీ పూస్తే పైపొర దెబ్బతిని, కొత్త రంగును పట్టి ఉంచే శక్తి కూడా తగ్గిపోతుంది.

తెల్ల వెంట్రుకలు ఎక్కువగా ఉన్న నేను ఇప్పుడు 5 లేదా 6 వారాలకోసారి కుదుళ్లకు మాత్రమే టచప్ చేయించుకుంటున్నాను. తెలుపు తక్కువగా ఉన్నవారు 8 వారాల దాకా నిశ్చింతగా ఆగవచ్చు. కుదుళ్లకు దూరంగా మొదలయ్యే బాలయాజ్ (పాయలపై చేత్తో రంగు పూసే పద్ధతి) అయితే మూడు నాలుగు నెలలైనా చూడడానికి బాగానే ఉంటుంది. ఎరుపు ఛాయలు మాత్రం అన్నిటికంటే త్వరగా వెలుస్తాయి. అలాంటప్పుడు పొడవుకు అమ్మోనియా లేని, కొన్ని తలస్నానాలకు పోయే రంగు వేయించుకోవడమే నయమని నా అభిప్రాయం.

వ్యవధి పెంచడానికి నాకు మరో బలమైన కారణం ఉంది. ముదురు రంగుల్లో ఎక్కువగా వాడే పీపీడీ అనే రసాయనం ఏళ్ల తరబడి పడినవారికి కూడా ఉన్నట్టుండి పడకపోవచ్చు. మా పిన్నికి పదేళ్లుగా అలవాటైన రంగే ఒక దసరా ముందు పడక, తెల్లారేసరికి కనురెప్పలు వాచి కళ్లు తెరవలేకపోయింది. ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లినది నేనే. అప్పటి నుంచి టచప్‌కు 48 గంటల ముందే సెలూన్‌కు వెళ్లి, చెవి వెనుక చుక్క రంగు పెట్టించుకుని, దురద గానీ ఎర్రదనం గానీ రాలేదని చూసుకున్న తర్వాతే కుర్చీలో కూర్చుంటున్నాను.