ఏసీ సర్వీస్ లాగ్, రెండో ఎండాకాలం: ఏనుమాముల దూది, రియాద్ దుమ్ము

మా ఇల్లు వరంగల్‌లో ఏనుమాముల మార్కెట్ రోడ్డుకు దగ్గర. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, ఆర్32 గ్యాస్, అవుట్‌డోర్ యూనిట్ రోడ్డు వైపు బాల్కనీలో ఉంటుంది. నిరుటి నుంచి దీనికి ఒక నోటుబుక్కు పెట్టాను. ఎన్ని గంటలు నడిచింది, గాలి ఎంత చల్లగా వస్తోంది, ఏ రోజు ఏం కడిగాను, అన్నీ అందులో రాస్తాను.

నిరుడు ఏప్రిల్‌లో గది చల్లబడటం లేదని మెకానిక్‌ను పిలిస్తే, చూసీ చూడగానే గ్యాస్ తగ్గిందన్నాడు, 2,800 అడిగాడు. మా బావ జగిత్యాల దగ్గరి ఊరాయన, రియాద్‌లో ఏసీ మెయింటెనెన్స్ పనే చేస్తాడు. వీడియో కాల్ చేసి చూపించాను. "గ్యాస్ ఏమన్నా పెట్రోలా బామ్మర్ది, వాడితే అయిపోవడానికి? లీకుంటేనే తగ్గుతది. ముందు జాయింట్ల దగ్గర నూనె మరక ఉందేమో చూడు, తర్వాత కాయిల్ చూపియ్యి" అన్నాడు. నూనె మరక లేదు. కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల వరుస) మాత్రం బూడిద రంగు దుప్పటి కప్పుకున్నట్టుంది. కడిగితే సరిపోయింది.

అక్కడ ఎన్నాళ్లకొకసారి చేస్తారు బావా అని అడిగాను. మూడు నెలలకొకసారి పూర్తి సర్వీస్, రెండు వారాలకొకసారి ఫిల్టర్ కడగడం, గుబార్ వస్తే తెల్లారే మళ్లీ ఫిల్టర్ తీయడం అన్నాడు. గుబార్ అంటే దుమ్ము తుపాను, ఎండాకాలానికి ముందు నెలల్లో అక్కడ ఎక్కువ. ఎండాకాలంలో వాళ్ల ఏసీలు దాదాపు 24 గంటలూ నడుస్తాయి. అంటే మూడు నెలలకు 2,160 గంటలు. మాది రోజుకు తొమ్మిది గంటలు, అన్ని గంటలు కావాలంటే 240 రోజులు పడుతుంది. అయితే మాకు ఎనిమిది నెలలకొకసారి చాలనుకున్నాను. ఆ లెక్క రెండు నెలలు కూడా నిలవలేదు, మే నెలాఖరుకే చల్లదనం మళ్లీ పడిపోయింది. గంటలు లెక్కపెట్టాను గానీ, ఇంటి ముందు నుంచి పోయే పత్తి బండ్లను లెక్కలోకి తీసుకోలేదు.

ఈ ఏడాది రాసుకున్నవి ఇవి.

ఫిబ్రవరి 20. ఎంసీబీ (ఏసీకి కరెంటు ఇచ్చే స్విచ్) ఆఫ్ చేసి పది నిమిషాలు ఆగాక మొదలుపెట్టాను. అవుట్‌డోర్ వెనక ఫిన్ల మీద (కాయిల్‌కు ఉండే పల్చటి రేకుల మీద) దూది ఎంత గట్టిగా పట్టిందంటే, ఒక మూల గోటితో లేపి లాగితే అరచేయంత ముక్క పొరలాగా ఊడివచ్చింది. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను, భగ్గున మండింది. మిర్చి సీజన్ కదా, ఆ దూదిలో మిరప దుమ్ము కూడా ఉంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ఈ పని ముట్టుకోవద్దు.

ముందు పొడి బ్రష్‌తో ఫిన్ల వెంట పైనుంచి కిందికి, ఆ తర్వాతే నీళ్లు. ఈ క్రమం బావ పదేపదే చెప్పాడు. పొడి దుమ్ము మీద ముందే నీళ్లు కొడితే బురదై ఫిన్ల సందుల్లో ఇరుక్కుంటుంది. నీళ్లకు మందు కొట్టని కొత్త చేతి స్ప్రేయర్ వాడాను. లోపలి యూనిట్‌లో సర్క్యూట్ బోర్డు ఉన్న వైపు పాలిథీన్ కప్పాను. ఫిల్టర్లు నీడలో ఆరబెట్టాను, ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకరపోతుంది.

కొలత: లోపలికి పోయే గాలికి, బయటికి వచ్చే గాలికి తేడా కడగకముందు 7.5 డిగ్రీలు, కడిగాక 12. రిమోట్‌లో 18 పెట్టి, ఫ్యాన్ ఫుల్‌లో ఇరవై నిమిషాలు నడిచాక కొలుస్తాను. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు మామూలుగా 24 మీద ఆన్ అవుతాయి. అలాగే వదిలేస్తే ఇన్వర్టర్ మెషిన్ గది చల్లబడగానే వేగం తగ్గించుకుంటుంది, ఒక రోజు కొలతకు ఇంకో రోజు కొలతకు పొంతన ఉండదు.

ఏప్రిల్ 27. నిరుడు ఎగ్గొట్టిన పని ఇదే, అవుట్‌డోర్‌ను రెండోసారి కడగడం. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌తో చూశాం. కడగకముందు 7.4 ఆంపియర్లు, తర్వాత 6.6. క్లాంప్‌ను ఒక్క ఫేజ్ వైరుకే పెట్టాలి, రెండు వైర్లూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది.

మే. పది రోజులకొకసారి ఫిల్టర్, అంతే. తేడా 10కి పడినప్పుడల్లా ఫిల్టర్ కడిగితే 11.5కి వచ్చింది.

జూన్ 24. రెండు వానలు పడ్డాయో లేదో లోపలి యూనిట్ నుంచి మంచం మీదికి నీళ్లు కారాయి. మే అంతా గాలి పొడిగా ఉంది, లోపలి యూనిట్‌లో నీళ్లు పడే ట్రేలో దుమ్ము పొడిగానే కూర్చుంది. గాలిలో తేమ రాగానే అది జిగురై డ్రెయిన్ పైపును మూసేసింది. బయట జాయింట్ దగ్గర పైపు విడదీసి నీళ్లు కొడితే నల్లటి జిగురు ముద్దలు ముద్దలుగా వచ్చింది. రియాద్ గాలి పొడి కాబట్టి ఈ బాధ అక్కడ తక్కువట. జెద్దా, దమ్మామ్ సముద్రం పక్కన ఉన్నవి, అక్కడ తేమతో పాటు ఉప్పు గాలికి ఫిన్లే తినేసుకుపోతాయని బావ అన్నాడు. జెట్ సర్వీస్ (ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగడం) మాత్రం మెకానిక్‌తోనే చేయించాను, 600 తీసుకున్నాడు.

కాబట్టి మా ఇంటికి ఫిబ్రవరిలో పూర్తి సర్వీస్, ఏప్రిల్ చివర అవుట్‌డోర్, జూన్‌లో తొలి వానలకు ముందే లోపలి యూనిట్, డ్రెయిన్ పైపు. మార్కెట్‌కు దూరంగా, హనుమకొండ లోపలి వీధుల్లో ఉన్నవాళ్లకు ఏప్రిల్‌ది అవసరం పడకపోవచ్చు. వాళ్లు ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టి చూసుకుంటే చాలు, అవతలి వెలుగు మసకగా కనిపిస్తే కడగాల్సిందే.

దూది ఆపడానికి అవుట్‌డోర్ వెనక దోమల జాలీ కడదామనుకుంటే బావ ఒప్పుకోలేదు. జాలీ నిండితే గాలి ఆడదు, కంప్రెసర్ మీద భారం పడుతుందన్నాడు. అక్టోబర్‌లో కొత్త పత్తి బండ్లు మొదలైన వారానికి వెనక ఫిన్లు ఫోటో తీసి ఆయనకు పంపాలి.