స్టీమ్‌బోట్ చెట్ల మధ్య స్కీయింగ్: నా అనుభవం

డెన్వర్ వచ్చిన మూడో చలికాలానికి బ్లూ రన్‌లు, అంటే మధ్యస్థం కష్టం ఉన్న స్కీ వాలులు, పడకుండా దిగడం వచ్చింది. ఇక చెట్ల మధ్యకి రమ్మని బావ వెంటపడ్డాడు. మూడు గంటలకు పైగా డ్రైవ్ చేసి స్టీమ్‌బోట్ అనే స్కీ రిసార్ట్‌కి వెళ్లాం. అక్కడి ఆస్పెన్ చెట్లు చలికాలంలో గుంజలు పాతినట్టుంటాయి. ఆకులుండవు, కింద కొమ్మలుండవు.

"ముందు పోల్స్ (చేతికర్రలు) స్ట్రాపులు చేతి నుంచి తీసెయ్" అన్నాడు బావ. పోల్ కొమ్మకి చిక్కుకుంటే భుజం కూడా దాంతోపాటే పోతుందట. హెల్మెట్, గాగుల్స్ సరే, మెడలో విజిల్ వేసుకోమంటే మాత్రం మా డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చి నవ్వాను.

లోపలికెళ్లగానే ఒక చెట్టు కేసి నేరుగా పోయి, గుద్దుకునే లోపే పక్కకి పడ్డాను. చిన్నప్పుడు సైకిల్ నేర్చుకుంటూ కరెంటు స్తంభాన్ని గుద్దిందీ ఇలాగే. తప్పించుకోవాలని దాన్నే చూస్తుంటే సైకిలూ అటే పోయింది.

"చెట్టుని చూడకు, సందుని చూడు. ఎదురుగా ఉన్నదాన్ని కాదు, దాని తర్వాతి సందుని" అన్నాడు బావ.

అది వంటబట్టడానికి పూటంతా పట్టింది. భయం వేస్తే ఒళ్లు వెనక్కి వాలుతుంది. అప్పుడు స్కీలు మాట వినవు, వేగం పెరుగుతుంది. చేతులు ముందుకు పెట్టి, మోకాలి కింద ముందు ఎముకని బూటు ముందువైపుకి ఆనించి, చిన్న చిన్న మలుపులు తిప్పితే అదుపులోకొచ్చింది. ఆగలేనంత వేగంగా ఏ సందులోకీ దూరకూడదని నాకు నేనే రూల్ పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఫిర్ చెట్లున్న వైపు వెళ్లాం. ఇవి చలికాలంలోనూ పచ్చగా ఉండే చెట్లు. అసలు టెన్షన్ అక్కడే. కింది కొమ్మలు మంచుని ఆపేయడంతో చెట్టు మొదలు చుట్టూ గుల్లగా గొయ్యి మిగిలిపోతుంది. పైనుంచి చూస్తే తెలియదు. తలకిందులుగా పడితే ఒంటరిగా బయటికి రావడం చాలా కష్టం, ఊపిరాడదు. జారుతున్నట్టు అనిపిస్తే కొమ్మో మొదలో పట్టుకుని తల పైకి ఉంచాలి. అందుకే జోడీ కంటికి కనబడుతూ ఉండాలి. కిందికెళ్లి ఎదురుచూస్తానంటే కుదరదు, ఆ లోతు మంచులో మళ్లీ పైకెక్కే లోపు ఆలస్యమైపోతుంది.

ఐదారు మలుపులకోసారి ఆగి "బావా!" అని అరవడం, "ఓయ్!" అని వినపడ్డాకే కదలడం. విజిల్ ఊదే అవసరం రాలేదు కానీ, సోమవారం ఆఫీసు మీటింగులో నాకు గొంతు లేదు.