షాలిమార్‌ను వెనిలా వైపు తిప్పిన నా అనుభవం: మూడోసారికి కుదిరిన కొలతలు

ఫ్రెంచి సంస్థ గెర్లాన్ చేసే షాలిమార్ అనే పరిమళం పేరెత్తగానే అందరికీ గుర్తొచ్చేది వెనిలా. తీరా తూకానికి వస్తే అందులో పెద్ద వాటా నిమ్మజాతి పండు బెర్గమాట్ నూనెది. మొత్తం సుగంధ మిశ్రమంలో దాదాపు 30 శాతం అదేనని ఈ పనిలో ఉన్నవాళ్లు చెబుతారు. జాక్ గెర్లాన్ కట్టగా 1925లో అమ్మకానికి వచ్చిన ఈ కూర్పులో పైన ఆ పుల్లటి చురుకు, కింద ఇథైల్ వెనిలిన్ (ప్రయోగశాలలో చేసే వెనిలా వాసన పదార్థం), ఎండుగడ్డి వాసన ఉండే కూమరిన్, ఒపొపొనాక్స్ అనే చెట్టు జిగురు, పచౌలి ఆకు నూనె, వాటి వెనక కాస్త తోలు వాసన, కాస్త జంతువాసన. ఆ వెనకున్న మొరటుతనమే ఇప్పటి ముక్కుకు పాతగా తోస్తుంది. గెర్లాన్ సంస్థే 2010లో ‘ఓడ్ ఆ లా వెనీ’ పేరుతో వెనిలాను ముందుకు తెచ్చిన షాలిమార్‌ను విడుదల చేసింది. నేను చేసింది దానికి నకలు కాదు. పాత అల్లికను ఉంచుకుని, పొగనూ జంతువాసననూ తగ్గించి, వెనిలాకు దారి ఇస్తే ఎలా ఉంటుందో చూడటమే పని.

మొదటిసారి అందరూ చేసేదే చేశాను. 10 గ్రాముల మిశ్రమంలో వెనిలాకు ముఖ్యమైన వాసననిచ్చే వెనిలిన్ 1.20 గ్రాములు, ఇథైల్ వెనిలిన్ 0.60 గ్రాములు వేశాను. వెనిలా పెరగలేదు సరికదా, పది నిమిషాలకే ముక్కు మొద్దుబారి అసలు తెలియకుండా పోయింది. మిగిలింది పిల్లల బంకమట్టి వాసన. ఇథైల్ వెనిలిన్ మామూలు వెనిలిన్ కంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఘాటు. దాన్ని కూడా గ్రాముల లెక్కన పెంచుకుంటూ పోతే బెర్గమాట్ నోరు మూతపడుతుంది.

రెండోసారి వెనిలాను సగానికి తగ్గించి, దాన్ని కప్పేస్తున్నాయనిపించిన బర్చ్ తారు (బర్చ్ చెట్టు నుంచి తీసే, పొగ వాసన వేసే తారు), పచౌలి, ఒపొపొనాక్స్ మొత్తం తీసేశాను. చక్కగా, శుభ్రంగా కేకు వాసన వచ్చింది. తినబుద్ధయ్యేలా ఉంది గానీ పూసుకోబుద్ధి కాలేదు. తీపి వాసన పక్కన చేదు లేకపోతే తీపి కూడా తేలిపోతుందని అప్పుడు తెలిసింది.

మూడోసారికి కుదిరిన కొలతలు, వేసిన వరసలో చెబుతాను. 0.01 గ్రాము చూపే త్రాసు ఉండాలి. చుక్కలు లెక్కపెడితే కుదరదు, ఒక్కో నూనె చుక్క ఒక్కో బరువు తూగుతుంది.

ముందు చిన్న గాజు బీకరులో ఇథిలీన్ బ్రాసిలేట్ అనే మస్క్ (కస్తూరి లాంటి వాసన) 1.00 గ్రాము, మల్లెచాయ ఇచ్చే హెడియోన్ 1.20, గులాబీ వాసన ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ 0.60 తూచి, బీకరును 50 డిగ్రీల వేణ్నీళ్లలో పెట్టాను. అందులోకి వెనిలిన్ 0.60, ఇథైల్ వెనిలిన్ 0.30, కూమరిన్ 0.60. మూడూ పొడులే. గాజు కడ్డీతో కలుపుతూ పోతే మెల్లగా కరుగుతాయి. మంట మీద పెట్టకండి, అవసరమూ లేదు. ఇనుప చెంచా వద్దు, వెనిలిన్‌కు ఇనుము తగిలితే రంగు నల్లబడుతుంది.

తర్వాత బంకగా ఉండేవి: 50 శాతానికి పలుచన చేసిన సాంబ్రాణి రెజినాయిడ్ (జిగురు నుంచి తీసిన సారం) 0.80, ఒపొపొనాక్స్ రెజినాయిడ్ 0.30, ల్యాబ్డనమ్ అనే మొక్క జిగురు 0.10, వెనిలా అబ్సల్యూట్ (కాయల నుంచి తీసిన గాఢమైన సారం) 0.30. ఈ చివరిదాని ఖరీదుకు మిగతావన్నీ కలిపినా తూగవు. అందుకే మొదటి రెండు ప్రయత్నాల్లో దాని జోలికి పోలేదు. మాగబెట్టి ఆరబెట్టిన వెనిలా కాయలో వెనిలిన్ రెండు శాతం దగ్గరే ఉంటుంది. ఆ రెండు శాతం కోసమైతే అబ్సల్యూట్ అక్కర్లేదు, పొడి చాలు. దాన్ని వేసేది మిగిలినదాని కోసం: ఎండిన చెక్క, రమ్ము, కాస్త తోలు, ఎండుపండు. షాలిమార్‌లో తీసేసిన మొరటుతనాన్ని వేరే దారిలో తెచ్చిపెట్టేది ఇదే. ఇది నూనెల్లో పూర్తిగా కరగదు, అడుగున గోధుమరంగు మడ్డి కనిపిస్తుంది. కంగారు పడనక్కర్లేదు, చివర్లో వడకడతాం.

బీకరును నీళ్లలోంచి తీశాక మిథైల్ అయోనోన్ 0.60, పచౌలి 0.40, వట్టివేరు నూనె 0.20, చందనం వాసన కోసం శాండలోర్ 0.30. పౌడరు మెత్తదనానికి పాత పద్ధతిలో హీలియోట్రోపిన్ వాడేవారు. మత్తుమందుల తయారీకి పనికొస్తుందని చాలా దేశాల్లో దాని మీద నియంత్రణ ఉంది. ఆ పని మిథైల్ అయోనోన్‌తో సరిపెట్టాను, లోటేమీ అనిపించలేదు.

ఇక పొగ. శుద్ధి చేసిన బర్చ్ తారు, 1 శాతం ద్రావణం 0.15 గ్రాములు. పొగ వాసన ఉండే గ్వాయకాల్, అదీ 1 శాతం ద్రావణమే, 0.05. మొత్తం మిశ్రమంలో అసలు తారు 0.015 శాతమే అన్నమాట. 1889లో వచ్చిన జికీ అనే పరిమళం రోజుల్లో గెర్లాన్ వాళ్లు కావాలనే అంతగా శుద్ధి కాని వెనిలిన్ వాడేవారని, అందులో మిగిలిన గ్వాయకాల్ వల్లే ఆ పొగచాయ వచ్చేదని ఒక మాట ఉంది. నిజమెంతైనా చిట్కా మాత్రం పనిచేస్తుంది. ఈ రెండూ వేయకముందు, వేశాక విడివిడిగా పేపరు పట్టీల మీద చూశాను. వేశాకే వెనిలా ఎక్కువైనట్టు అనిపించింది, నిజానికి ఒక్క గింజ కూడా పెంచలేదు. తొందరపడి ద్రావణం కాకుండా తారునే నేరుగా వేస్తే మాత్రం అంతా కాలిన కట్టె వాసనే.

మిశ్రమం పూర్తిగా చల్లారాక బెర్గమాట్ 2.20, నిమ్మ నూనె 0.30. వేడి మీద వేస్తే పైవాసన ఆవిరైపోతుంది. మామూలు బెర్గమాట్ నూనెలోని బెర్గాప్టెన్ ఎండ తగిలిన చర్మాన్ని కాలుస్తుంది. చర్మం మీద నిలిచే వస్తువుల్లో ఆ నూనె 0.4 శాతం దాటకూడదని ఐఎఫ్‌ఆర్‌ఏ (అంతర్జాతీయ సుగంధ ద్రవ్యాల సంఘం) ప్రమాణం. మిశ్రమంలో 22 శాతం, దాన్ని 15 శాతానికి పలుచన చేస్తే 3.3 శాతం, అంటే పరిమితికి ఎనిమిది రెట్లు. అందుకని బెర్గాప్టెన్ లాంటి ఫ్యూరోకూమరిన్లు తీసేసిన బెర్గమాట్ తప్ప ఇంకేదీ ఇందులో వాడకూడదు.

ఇదంతా కలిపి 10.00 గ్రాములు. మల్లె కోసం రెడీమేడ్ బేసు కాకుండా హెడియోన్ ఎందుకంటే, ఆ బేసుల్లో ఇండోల్, మిథైల్ ఆంథ్రనిలేట్ ఉండొచ్చు. అవి వెనిలిన్‌తో కలిస్తే సీసా ముదురు ఎరుపు, గోధుమరంగులోకి దిగిపోతుంది.

3.00 గ్రాముల మిశ్రమానికి 96 శాతం పెర్ఫ్యూమరీ ఇథనాల్ 17.00 గ్రాములు పోశాను. మిగిలిన ఏడు గ్రాములు చిన్న ముదురురంగు సీసాలో, గాలికి చోటు లేకుండా నింపి పెట్టాను. చలికి రాత్రికి రాత్రి అందులో సూదుల్లాంటి స్ఫటికాలు పేరాయి. పాడైనట్టు కాదు, 45 డిగ్రీల నీళ్లలో పావుగంట ఉంచితే మళ్లీ కరిగాయి. స్ఫటికాలు ఉండగా తూచి తీస్తే మాత్రం వెనిలిన్ సీసాలోనే ఉండిపోతుంది.

మొదటి వారం వాసన చూసి మార్పులు చేయకండి. అప్పుడు ఆల్కహాల్ ఘాటు, ఇథైల్ వెనిలిన్ తప్ప ఏమీ తెలియవు. మూడో వారంలో బెర్గమాట్ తీపిలో కలిసింది. చూసేటప్పుడు పట్టీ మీద అయిదు నిమిషాలకు, గంటకు, ఆరు గంటలకు, మర్నాడు రాసుకోవాలి. నా పట్టీ మీద గంట తర్వాత కూడా బెర్గమాట్ నీడ ఉంది, ఆరు గంటలకు సాంబ్రాణి, వెనిలా, మర్నాటికి కూమరిన్, మస్క్.

నాలుగు వారాలయ్యాక ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి, చల్లగా ఉండగానే వడపోత కాగితంలో వడకట్టాను. గది వేడికి వచ్చాక వడకడితే మడ్డిలో కొంత మళ్లీ కరిగి కిందికి దిగుతుంది. వడకట్టిన రోజు బంగారు రంగులో ఉన్నది మూడు నెలలకు టీ డికాక్షన్ రంగుకు వచ్చింది. వెలుతురు తగలని చోట పెడితే ఆ మార్పు కాస్త నెమ్మదిస్తుంది, ఆగదు. రంగు మారినంత మాత్రాన వాసన పాడు కాలేదు, తెల్లబట్ట మీద పడితే మరక మాత్రం ఖాయం.