అయిదు చోట్లలో నాలుగు నిండాయి: హైరూల్ గుర్రాల డైరీ

హైరూల్ అనే కల్పిత రాజ్యంలో జరిగే వీడియో గేమ్ 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' 2017లో వచ్చింది. మొదటిసారి ఆడినప్పుడు దాదాపు ఆట మొత్తం నడిచే తిరిగాను. కొండ కనిపిస్తే ఎక్కాను, అంచు దొరికితే పారాగ్లైడర్ తెరిచాను, దూరం ఎక్కువైతే టెలిపోర్ట్ అయ్యాను. గుర్రాలు దారి పక్కన మేస్తూ కనిపించేవి కానీ వాటి జోలికి పెద్దగా పోలేదు. ఈసారి కొత్త సేవ్ మొదలుపెట్టి ఒక్కటే నియమం పెట్టుకున్నాను: దారి ఉన్నంత మేరా గుర్రం మీదే వెళ్లాలి, టెలిపోర్ట్ ముట్టుకోకూడదు. రోజుకు గంట, మహా అయితే గంటన్నర. నాలుగు వారాలుగా ఏ రోజుకారోజు రాసుకున్నదే ఇది.

1వ రోజు

డ్యూయలింగ్ పీక్స్ స్టేబుల్, అంటే గుర్రాలను చేర్పించి ఉంచే చోటు. పైకప్పు మీద పెద్ద గుర్రం తల బొమ్మ ఉంటుంది కాబట్టి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ఆ చుట్టుపక్కల మైదానంలోనే అడవి గుర్రాలు గుంపుగా తిరుగుతుంటాయి.

మొదటి గుర్రం వైపు పరిగెత్తాను, అది నాకంటే ముందే పరిగెత్తింది. రెండోసారి ఎడమ స్టిక్‌ను నొక్కి వంగి నడిచాను. మినీమ్యాప్ పక్కనే చప్పుడు ఎంత అవుతోందో చూపించే గీత ఒకటి ఉంటుంది. అంతకుముందు దాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. వంగి నడుస్తూ స్టిక్‌ను కొంచెమే నెడితే ఆ గీత దాదాపు చదునుగా ఉంటుంది, పూర్తిగా నెడితే లేస్తుంది. గుర్రం తల ఎత్తి చూస్తే అక్కడే ఆగిపోవాలి. అది మళ్లీ గడ్డిలోకి తల దించాక ఇంకో నాలుగు అడుగులు. ఎప్పుడూ వెనక నుంచే వెళ్లాలి, దాని చూపులో పడకూడదు.

దగ్గరికి చేరాక 'ఎ' నొక్కితే మనం ఆడించే హీరో లింక్ ఒక్క దూకులో పైకెక్కుతాడు. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. గుర్రం ముందు కాళ్లు లేపుతుంది, వెనక కాళ్లు విసురుతుంది, పక్కన లింక్ ఓపికను చూపించే స్టామినా చక్రం కరిగిపోతుంటుంది. 'ఎల్' బటన్‌ను ఆపకుండా నొక్కుతూ బుజ్జగించాలి. చక్రం ఖాళీ అయ్యేలోపు గుర్రం శాంతిస్తే సరి, లేదంటే కింద పడతాం, గుర్రం పారిపోతుంది.

ఒకే రంగు గోధుమ గుర్రం నన్ను రెండుసార్లు పడేసింది. తర్వాత తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలున్నదాన్ని పట్టుకున్నాను, చక్రంలో కొంచెం మిగిలుండగానే లొంగింది. ఇది అదృష్టం కాదు, ఆట పద్ధతే అది. మచ్చల గుర్రాలు సాధు స్వభావం ఉన్నవి, తొందరగా మాలిమి అవుతాయి. ఒకే రంగువి మొండివి, కానీ వాటి బలాబలాలు ఎక్కువ. ఒక్క చక్రం స్టామినాతో మొదలుపెట్టేవాళ్లు మొదట మచ్చలదాన్నే చూసుకోండి.

దాని మీద కూర్చునే స్టేబుల్ కౌంటర్ ముందుకు వెళ్లి మాట్లాడాలి, దిగి వెళితే కుదరదు. రిజిస్టర్ చేయడానికి 20 రూపీలు (ఆటలోని డబ్బు). అప్పుడే బలం, వేగం, స్టామినా ఎంతెంతో చూపిస్తారు. పేరు పెట్టమంటే 'చుక్క' అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాను. మొత్తం 5 గుర్రాలనే ఉంచుకోవచ్చు. ఒక చోట చేర్పించిన గుర్రాన్ని ఏ స్టేబుల్‌లోనైనా పిలిపించుకోవచ్చు.

2 నుంచి 5వ రోజు వరకు

రిజిస్టర్ చేయగానే గుర్రం మాట వింటుందనుకోవద్దు. చుక్కను కుడికి తిప్పితే నాలుగు అడుగులు కుడికి వేసి మళ్లీ తనకు నచ్చినవైపు పోయేది. రెండు రోజులు 'ఎల్' బటన్‌ను ఊరికే నొక్కుతూ పోయాను, పెద్దగా ఉపయోగం కనిపించలేదు. మూడో రోజు నెమ్మదిగా గమనిస్తే విషయం అర్థమైంది.

బుజ్జగింపు ఎప్పుడు చేశామన్నదే ముఖ్యం. గుర్రం పక్కకు లాగుతుంది, మనం స్టిక్‌తో దాన్ని దారికి తెస్తాం, అది తల తిప్పి మనం చెప్పినవైపు రెండడుగులు వేస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో 'ఎల్' నొక్కాలి. లింక్ ముందుకు వంగి మెడ మీద చెయ్యి వేసి నిమురుతాడు. గుర్రం మాట విన్నందుకు అది మెచ్చుకోలు. అది పక్కకు లాగుతున్నప్పుడు నిమిరితే ఏం లాభం? ఈ ఒక్క సంగతి తెలిశాక చుక్కతో నా ప్రయాణమే మారిపోయింది. గంటసేపు వంకర దారుల్లో కావాలనే తిప్పాను. మలుపు, నిమురు, మలుపు, నిమురు. సాయంత్రానికి స్టిక్ కొంచెం కదిపితే చాలు, తిరుగుతోంది.

తిండి కూడా పెట్టాలి. సామానులోంచి ఆపిల్‌ను చేతిలోకి తీసుకుని గుర్రం ముందు నిలబడితే అదే తల చాపి తింటుంది. క్యారెట్ కూడా తింటుంది. ఎక్కే ముందు రెండు ఆపిల్స్ పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ రెండు నిమిషాలు నాకు ఈ ఆట మొత్తంలో బాగా ఇష్టమైన సమయం. గుర్రం ముక్కు చేతి దగ్గరికి తెస్తుంది, చెవులు కదులుతాయి, జూలు గాలికి ఊగుతుంది, వెనక ఎక్కడో పక్షుల కూత.

అనుబంధం 100కి చేరితే స్టేబుల్‌లో జూలు తీరు, జీను, కళ్లెం మార్చుకోవచ్చు. చుక్కకు 5వ రోజు చివర్లో నిండింది.

8వ రోజు

దారి మీద స్వారీ. గుర్రాన్ని బాట మీదికి తెచ్చి స్టిక్ వదిలేయండి, మలుపులు అదే చూసుకుంటుంది. 2014 డిసెంబర్‌లో ఈ ఆటను తొలిసారి ఆడి చూపించినప్పుడే నిర్మాత ఎయిజీ అవొనుమా ఈ సంగతి చెప్పారు: నిజం గుర్రం చెట్లను గుద్దుకుంటూ పోదు కదా, అందుకే ఈ గుర్రం కూడా దానంతట అదే తప్పుకుంటుందని. నాకు దాని విలువ ఇప్పుడు తెలిసింది. పగ్గాల సంగతి గుర్రానికి వదిలేశాను కాబట్టే రెండు చేతులూ విల్లుకు దొరికాయి. బాట పక్కన బోకోబ్లిన్లనే శత్రుజీవులు తరిమితే చుక్క తన దారిన తాను పరిగెత్తింది, నేను వెనక్కి తిరిగి బాణాలు వేశాను.

దౌడు తీయించడానికి 'ఎ' నొక్కాలి. ఒక్కో నొక్కుకు కింద కనిపించే స్పర్ గుర్తుల్లో ఒకటి ఖర్చవుతుంది, కాసేపటికి మళ్లీ నిండుతుంది. చివరి గుర్తును నేను ఎప్పుడూ దాచుకుంటాను, ఆపద ఎటునుంచి వస్తుందో తెలియదు. ఎండ్యూరా క్యారెట్ పెడితే అదనంగా పసుపు గుర్తులు వస్తాయి, దూరప్రయాణాలకు అవి దాచుకోవడం మంచిది.

ఈల కింది బటన్. కానీ దానికి దూరం పరిమితి ఉంది. గుట్ట ఎక్కి అవతలికి దిగి ఈల వేస్తే చుక్క రాలేదు, వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఎంత దూరం నుంచైనా పిలవాలంటే ఏన్షెంట్ జీను కావాలి, అది అదనంగా కొనే ఎక్స్‌పాన్షన్ పాస్‌లో ఉంది. నా దగ్గర ఆ పాస్ లేదు. అందుకని దిగే ముందే తిరిగి వచ్చే దారి ఆలోచించుకుని గుర్రాన్ని అటువైపు నిలుపుతున్నాను.

11వ రోజు

ఇది రాయాలని లేదు, కానీ రాయకపోతే ఈ డైరీకి అర్థం లేదు. హైరూల్ మైదానం మధ్యగా పోదామనుకున్నాను. కిరణాలు పేల్చే గార్డియన్ యంత్రాలు తిరుగుతాయని తెలుసు, దౌడు మీద దాటేయొచ్చనుకున్నాను. ఎర్రటి గీత మా మీద పడగానే స్పర్ కొట్టాను. మొదటి కిరణం పక్కన పేలింది. అప్పటికే గుర్తులన్నీ ఖర్చు చేశాను, ఆ రోజు చివరిది కూడా దాచుకోలేదు. రెండోది నేరుగా తగిలింది. నేను దూరంగా పడి లేచేసరికి చుక్క లేదు.

గుర్రానికి కూడా ప్రాణం లెక్క ఉంటుంది. బలం ఎన్ని నక్షత్రాలుంటే అంత దెబ్బ తట్టుకుంటుంది, చుక్కకు ఉన్నవి రెండే. అప్పటినుంచి నా పద్ధతి మారింది. గార్డియన్ కనిపించే చోట గుర్రాన్ని దూరంగా చెట్ల వెనక దింపి, పని ముగించుకుని వచ్చి ఈల వేస్తాను. చుట్టుదారి ఉంటే చుట్టుదారే. ఆ రోజు ఇంక ఆడలేదు.

15వ రోజు

అవుట్‌స్కర్ట్ స్టేబుల్‌లో టోఫా అనే ముసలాయన ఒక తెల్ల గుర్రం గురించి చెబుతాడు. రాజకుటుంబం వాడిన తెల్ల గుర్రం సంతతి అంటాడు. అది సఫూలా హిల్ మీద ఒంటరిగా తిరుగుతుంది. వెళ్లి చూస్తే నిజంగానే ఒక్కటే నిలబడి ఉంది, పొద్దువాలే వెలుగులో జూలు బంగారు రంగులో మెరుస్తోంది.

అప్పటికి, చిక్కుముడులు విప్పే చిన్న గుడుల్లాంటి 12 ష్రైన్‌లు పూర్తిచేశాను. ఒక్కోదాంట్లో ఒక స్పిరిట్ ఆర్బ్ దొరుకుతుంది. నాలుగు స్పిరిట్ ఆర్బ్‌లకు ఒక స్టామినా వెసల్ ఇస్తారు, ఒక్కో వెసల్ చక్రంలో అయిదో వంతు. అన్నీ స్టామినాకే పెట్టాను కాబట్టి ఒకటీ మూడు అయిదో వంతుల చక్రం ఉంది. సరిపోతుందో లేదోనని ముందే స్టామెల్లా పుట్టగొడుగులతో నాలుగు వంటకాలు చేసి పెట్టుకున్నాను. గుర్రం ఎగురుతున్నప్పుడు కూడా మెనూ తెరవొచ్చు, ఆట ఆగుతుంది, తిని మళ్లీ మొదలుపెట్టొచ్చు. చక్రం కొసకు వచ్చినప్పుడు ఒకటి తిన్నాను, కొద్దిసేపటికే అది తల విదిలించి నిలబడిపోయింది.

టోఫా దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే రాజవంశపు జీను, కళ్లెం ఇచ్చాడు. అయితే అనుబంధం నిండేదాకా వాటిని వేయడం కుదరదు. మళ్లీ మలుపు, నిమురు. 'మల్లె' అని పేరు పెట్టాను.

దీని తర్వాతి రెండు రోజుల్లో ఒకే రంగు నల్లదాన్ని కూడా పట్టుకున్నాను. అదేం పెద్ద కథ కాదు, స్టామినా ఉంటే మొండి గుర్రమైనా దారికొస్తుంది. దానికి నడిచేటప్పుడు మల్లె కంటే రెట్టింపు ఓపిక కావాల్సి వచ్చింది, అంతే.

22వ రోజు

టావోబాబ్ గ్రాస్‌ల్యాండ్‌లో పెద్ద గుర్రం. మామూలు గుర్రాల గుంపు మధ్య అది ఏనుగులా కనిపిస్తుంది, ఒళ్లు నలుపు, జూలు నారింజ రంగు. 20 ష్రైన్‌లతో రెండు చక్రాలు నిండాకే వెళ్లాను. ముందు మామూలు గుర్రాలు నన్ను చూసి బెదిరితే అది కూడా వాటితో పాటే కదిలిపోయింది. రెండోసారి పక్కనున్న ఎత్తు నుంచి పారాగ్లైడర్‌తో దాని వీపు మీదికి దిగుతూ 'ఎ' నొక్కాను. గడ్డిలో అడుగు పెట్టకుండానే ఎక్కేశాను. ఇది ఏ గుర్రానికైనా పనిచేస్తుంది, ఎత్తు దొరికితే వదులుకోవద్దు. రెండు చక్రాలూ కరిగాయి, ఒక వంటకం కూడా తిన్నాను.

హైలాండ్ స్టేబుల్‌లో రిజిస్టర్ చేశాను. బలం 5, వేగం 2, స్టామినా సున్నా. అంటే స్పర్ కొట్టి దౌడు తీయించడం దీంతో కుదరదు. జీను, కళ్లెం కూడా మార్చలేం, దానివే ఉంటాయి. చాలామంది దీన్ని పట్టుకుని స్టేబుల్‌లో వదిలేస్తారు. నాకు మాత్రం కొండ ప్రాంతపు దారుల్లో దీనికంటే ధైర్యమిచ్చేది ఇంకోటి కనిపించలేదు. గుంపుగా వచ్చే బోకోబ్లిన్ల మధ్య నుంచి అది ఆగకుండా వెళ్లిపోతుంది.

24వ రోజు

అదే ప్రాంతంలో 'లేక్ ఆఫ్ ది హార్స్ గాడ్' ఉంది. అక్కడి మొగ్గలో మలాన్యా అనే అశ్వదేవత ఉంటుంది, దాన్ని మేల్కొలపడానికి 1,000 రూపీలు ఇవ్వాలి. రెండు వారాలుగా ఖనిజాలు ఏరి అమ్మింది ఇందుకే. కొత్త కవచం చూసినా కొనలేదు.

చనిపోయిన గుర్రాన్ని మలాన్యా తిరిగి ఇవ్వగలదు. చుక్క తిరిగి వచ్చింది. అవే మచ్చలు, బలం నక్షత్రాలు అవే రెండు. నా దగ్గర ఇప్పుడు దానికంటే మెరుగైన గుర్రాలు మూడున్నాయి. అయినా ఆ సాయంత్రం దాని మీదే తిరిగాను. సామానులో మిగిలిన ఆపిల్స్ అన్నీ దానికే పెట్టాను.

28వ రోజు

చుక్క, మల్లె, నల్లది, పెద్దది. ఒక చోటు ఖాళీ. దీన్ని వేగం 5 ఉన్న గుర్రానికే ఇవ్వాలని ఉంది. నక్షత్రాలు స్టేబుల్ దాకా తెస్తేనే కనిపిస్తాయి కాబట్టి కొత్తదాన్ని పట్టుకుని స్టేబుల్ దాకా తెచ్చి చూడటం, సరిపోకపోతే వదిలేయడం, ఇదే పని. ఇప్పటివరకు ఆరింటిని తెచ్చాను, వాటిలో వేగం 4 దాటినది లేదు. ఎడారివైపు వెతకడం దండగ, గెరూడో ఇసుకలోకి గుర్రాన్ని తీసుకెళ్లలేం.

తొందర ఎందుకంటే, 2023 మే 12న వచ్చిన 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' తర్వాత ఆడబోతున్నాను. అదే కన్సోల్‌లో ఈ ఆట సేవ్ ఉంటే ఇక్కడ రిజిస్టర్ చేసిన గుర్రాలు అక్కడి స్టేబుల్‌లోనూ ఉంటాయి. అక్కడికి వెళ్లేలోపు ఈ అయిదో చోటు నింపాలి. రేపు ఉత్తరం వైపు మైదానాలు చూస్తాను, రెండు వంటకాలు, పది ఆపిల్స్ సిద్ధంగా ఉన్నాయి. వెళ్లేది మల్లె మీద.